జోగమ్మ గీసిన గీత

ఆదివారం పొద్దున్నే వాకిట్లో నీళ్లు చల్లి జోగమ్మ ముగ్గు వేస్తోంది. భిలాయి సెక్టర్ 2లో ఆ వరస క్వార్టర్లన్నిటిలోనూ ఆమె ముగ్గుకు పేరుంది. చుక్క పెట్టి గీత లాగిందంటే స్కేలు పెట్టి గీసినట్టే ఉంటుందని, ఎవర్నీ ఓ పట్టాన మెచ్చుకోని పక్కింటి ఒరియా ఆవిడ కూడా ఒప్పుకుంటుంది. డెబ్బై దగ్గర పడుతున్నా జోగమ్మ చెయ్యి వణకదు. ఒక్కోసారి మనిషికి ఉన్న గొప్పే కొంప ముంచుతుంది.

లోపల కోడలు సత్యవాణి హడావిడిగా చీర కట్టుకుంటోంది. తను పనిచేసే స్కూలు హెడ్‌మిస్ట్రెస్ ఇంటికెళ్లి సెలవు పొడిగించమని బతిమాలుకోవాలి. రాత్రికి మళ్లీ కూతురితో దుర్గ్ స్టేషన్‌లో నాగపూర్ బండి ఎక్కాలి. పదేళ్ల కృష్ణప్రియకు చిన్నమెదడు దగ్గర గడ్డ తీసేశారు. ఆ కేన్సర్ వెన్నుపాములోకి జారుతుందని ఇప్పుడు తలకూ వెన్నుకూ కిరణాలు పెడుతున్నారు. వారమంతా నాగపూర్ ఆసుపత్రి, శని ఆదివారాలు ఇల్లు.

ఆ ఆసుపత్రిలో 1996 నుంచి ఒక పరిశోధన జరుగుతోంది. వెన్నుకు మామూలుగా ఇచ్చే మోతాదులో కిరణాలు ఇస్తే పిల్లలు బతుకుతున్నారు గాని సరిగా ఎదగడం లేదు. మోతాదు తగ్గిస్తే ప్రాణమూ ఎదుగుదలా రెండూ దక్కుతాయేమోనని డాక్టర్ల ఆశ. ప్రియ క్లాసులో అందరికన్నా పొడుగు, ప్రార్థన లైన్‌లో ఎప్పుడూ చివర నిలబడే పిల్ల. పిల్లను ఆ పరిశోధనలో చేర్చడానికి సత్యవాణి క్షణం ఆలోచించకుండా ఒప్పుకుంది.

"అత్తయ్యా, దాని మెడ మీదా వీపు మీదా ఊదారంగు గీతలున్నాయి కదా. వాటిని ముట్టుకోకండి. స్నానం వద్దు."

"వారం బట్టీ పిల్లకి నీళ్లు లేవు. ఇంత ఎండల్లో ఎలగుంటాది? అయినా ఆ గీతలేటి, ఎందుకేటి?"

"అదంతా చెప్పినా మీకు అర్థం కాదు. ముట్టుకోకండి, అంతే."

జోగమ్మ ఇంకేం అడగలేదు. విజయనగరం నుంచి ఈ ఊరొచ్చి ముప్పై అయిదేళ్లయింది. చెప్పినా అర్థం కాని మనిషిగా బతకడం ఆమెకు అలవాటే.

కోడలు అలా వెళ్లిందో లేదో ప్రియ ఏడుపు మొదలుపెట్టింది. వీపంతా చెమటపొక్కులు పేలి ఎర్రగా కంది దురద పెడుతోంది.

"నానమ్మా, ఖుజలీ. బహుత్ ఖుజలీ. కొంచెం నీళ్లు పొయ్యవా?"

"మీ అమ్మ సంపేస్తాది నన్ను."

"కాళ్లకే. ప్లీజ్ నానమ్మా."

కాళ్లూ చేతులూ మాత్రం కడుగుదామనే జోగమ్మ మొదలుపెట్టింది. చల్లటి నీళ్లు తగలగానే పిల్ల నవ్వింది. ఆపరేషన్ తరవాత ఆ ఇంట్లో వినిపించిన మొదటి నవ్వు అది. అది విన్నాక చెంబు కింద పెట్టే నానమ్మ ఎక్కడైనా ఉంటుందా? కుట్లు మానిన గుండుకు నూనె రాసింది, ఒంటికి సున్నిపిండి పెట్టి నలిచింది. ఆఖరి చెంబు తల చుట్టూ తిప్పి, పిల్ల పుట్టినప్పటి నుంచీ అనే మాటే అంటూ పోసింది.

"సీరామరచ్చ. నూరేళ్లాయుస్సు. తాడిసెట్టంత పొడుగు."

తువ్వాలుతో వీపు అద్దుతుంటే అప్పుడు కనిపించింది. గీతలు లేవు. అక్కడక్కడా ఊదా మసక, అంతే.

జోగమ్మకు కోడలి ముఖం కళ్ల ముందుకొచ్చింది. అలమారలో నోటిపూతకు రాసే ఊదారంగు మందు సీసా ఉంది. చీపురుపుల్లకు దూది చుట్టి ముంచింది. ఎన్నో ముగ్గులు గుర్తుపెట్టుకున్న బుర్ర, ఈ నాలుగు గీతలు గుర్తుండవా అనుకుంది. మెడ కింద చుక్క పెట్టి అడ్డగీత, అక్కణ్ణుంచి నడుము దాకా నిలువుగీతలు. చెయ్యి వణకలేదు. అడ్డగీత మాత్రం ఉండాల్సిన చోటికి రెండు వేళ్లు కిందికి పడింది. ఆ సంగతి ఆమెకు తెలిసే దారి లేదు.

"మీ అమ్మకి సెప్పకు. నా మీద ఒట్టు," అని పిల్ల చేతిని తన నెత్తిన పెట్టుకుంది.

ఒట్టు తప్పితే నానమ్మ చచ్చిపోతుందని ప్రియకు తెలుసు. పిల్లలకు ఒట్టు మీద ఉన్న నమ్మకం పెద్దవాళ్లకు దేవుడి మీద కూడా ఉండదు.

సత్యవాణి వచ్చీ రాగానే అడిగింది. "స్నానం చేయించారా ఏంటి?"

"తడిగుడ్డతో ఒళ్లు తుడిసినాను."

గౌను ఎత్తి చూసింది. గీతలు ఉన్నాయి. అమ్మయ్య అనుకుంది.

ఆ శుక్రవారం నాగపూర్‌లో డాక్టరమ్మ వారానికోసారి తీసే ఎక్స్‌రే ఫిల్మును దీపం ముందు పెట్టి చాలాసేపు చూసింది. తరవాత ప్రియను పడుకోబెట్టి మెడ దగ్గర టేపుతో కొలిచింది. "ఈ గీతలు మావి కావు," అంది హిందీలో.

యంత్రం నడిపే కుర్రవాడు గీతల మీదికి వంగి చూశాడు. "మనవే అనుకున్నాం మేడమ్. ఇంత తిన్నగా ఇంట్లో ఎవరు గీస్తారు? కాస్త వంకర పోయినా అనుమానం వచ్చేది."

"రోజూ కొలవాల్సింది. అది మన తప్పే," అని డాక్టరమ్మ సత్యవాణి వైపు తిరిగింది. "తలకు పెట్టే కిరణాలు ఎక్కడ ఆగుతాయో, వీపుకు పెట్టేవి సరిగ్గా అక్కడ మొదలవ్వాలి. వారమంతా మధ్యలో రెండు వేళ్ల జాగా వదిలేశాం. అక్కడ ఒక్క కణం మిగిలినా ప్రమాదం. ఇక తక్కువ మోతాదుతో ధైర్యం చెయ్యలేను. పరిశోధన నుంచి పాపను తీసేస్తున్నాం. పాత పద్ధతిలో పూర్తి మోతాదు ఇస్తాం."

"అయితే ఇది ఎదగదా?"

"కొద్దిగా ఎదుగుతుంది. ముందు బతకాలి కదమ్మా." టేపు చుట్టేస్తూ డాక్టరమ్మ అడిగింది. "పాప దగ్గర ఉండేవాళ్లకు ఈ గీతలు ఎందుకో చెప్పారా?"

"చెప్పాను," అంది సత్యవాణి.

ప్రియ తల్లి ముఖంలోకి చూసింది. ఎవరు గీశారని అందరూ మార్చి మార్చి అడిగినా పెదవి విప్పలేదు. సత్యవాణికి మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రతి గీత మొదట్లోనూ ఒక చుక్క ఉంది. రోజూ తన వాకిట్లో తొక్కకుండా దాటే చుక్క.

శనివారం మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి భర్త జితేంద్ర స్టీల్‌ప్లాంటులో మొదటి షిఫ్టు దిగి అన్నం ముందు కూర్చున్నాడు. సత్యవాణి సంచీ కూడా దించలేదు.

"పిల్లను చూసుకోమన్నాను అత్తయ్యా. చంపమనలేదు."

జోగమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. విషయం మొత్తం విన్నాక జితేంద్ర కంచం పక్కకు జరిపాడు. "సత్యా, బస్ కరో, ఇక చాలు. అమ్మ కావాలని చేసిందా?"

"కావాలని చేసుంటే పోలీసులకు చెప్పుకునేదాన్ని. ప్రేమతో చేశారు. ఇప్పుడు ఎవరికి చెప్పుకోను?"

"కడిగినందుకు తిట్టు, పడతాను," అంది జోగమ్మ. "గీతలు పోనాయని తెలిస్తే నువ్వు అరుస్తావని బయమేసింది. అందుకే గీసినాను."

"నా అరుపుకు భయపడి నా కూతురి వెన్ను విరిచారు. ఆ గీతలు ఎందుకో తెలుసా అసలు మీకు?"

"నాకేటి తెలుస్తాది? అడిగినాను కదా. అర్దం కాదన్నావు." జోగమ్మ మొదటిసారి కోడలి కళ్లలోకి సూటిగా చూసింది. "పిల్ల పేణం ఆ గీతల్లో ఉందని ఒక్క మాట సెప్పుంటే, నా సెయ్యి తెగనరికినా సుక్క నీరు తగలనిచ్చీదాన్నా?"

సత్యవాణి భుజం మీది సంచీ అప్పుడు దించింది. డాక్టరమ్మ అడిగిన ప్రశ్నే వంటింట్లోకి కూడా వచ్చింది, ఈసారి అబద్ధం చెప్పడానికి లేదు. అత్తగారిని నిండా ద్వేషించాలనుంది. అదీ పూర్తిగా చేతకాలేదు. ఆ సగం ద్వేషం అన్నంలో రాయిలా పంటి కింద తగులుతూనే ఉంది.

మర్నాటి నుంచి వాకిట్లో ముగ్గు లేదు. జోగమ్మ నీళ్లు చల్లి లోపలికి వచ్చేసేది. ఒంట్లో బాగాలేదా అని పక్కింటావిడ అడిగితే, పిండి అయిపోయిందని చెప్పేది. అత్తాకోడళ్లు అవసరమైనంత వరకే మాట్లాడుకున్నారు. ఉప్పు, పాలు, బండి టైము. జితేంద్ర ఇద్దరి మధ్యా తలొంచుకుని తిరిగాడు.

వానలు పడ్డాక వైద్యం ముగిసింది. రెండు మూడేళ్లు గడిస్తే గాని ఏమీ చెప్పలేమన్నారు. కమిలిన చర్మం మానాక స్నానం చేయించవచ్చన్నారు.

ఆ ఆదివారం సత్యవాణి నూనె గిన్నె, సున్నిపిండి తెచ్చి జోగమ్మ ముందు పెట్టింది.

"మీరే పొయ్యండి."

"నా సేతులు వద్దమ్మా."

"ఇంట్లో వాళ్లకు చెప్పారా అని అక్కడ డాక్టరు అడిగింది. చెప్పానని అబద్ధమాడాను. మీ అబ్బాయికి కూడా తెలీదు ఈ మాట. పొయ్యండి."

జోగమ్మ కోడలి వంక చూసింది. మెల్లగా లేచి గిన్నె అందుకుంది.

స్నానాలగదిలో పీట మీద కూర్చుని ప్రియ చెయ్యి అడ్డం పెట్టింది. "ముందు ఒట్టు తీసి గట్టు మీద పెట్టు నానమ్మా. నేను ఎవరికీ చెప్పలేదు. మమ్మీకే తెలిసిపోయింది. నువ్వు చచ్చిపోవు కదా?"

ఆసుపత్రిలో అందరూ గుచ్చి గుచ్చి అడుగుతుంటే పిల్ల నోరు ఎందుకు విప్పలేదో జోగమ్మకూ, తువ్వాలు తెచ్చిన సత్యవాణికీ అప్పుడు తెలిసింది. తన వెన్ను కన్నా నానమ్మ ప్రాణమే ఎక్కువనుకుని దాన్ని కాపాడుకుంటూ కూర్చుంది.

"తీసీసినాను తల్లీ. గట్టు మీద ఎట్టీసినాను."

నూనె పట్టింది, నలిచింది, నీళ్లు పోసింది. కొత్తగా మొలుస్తున్న జుట్టు అరచేతికి గరుకుగా తగిలింది. ఆఖరి చెంబు ఎత్తి తల చుట్టూ తిప్పింది.

"సీరామరచ్చ. నూరేళ్లాయుస్సు."

చెంబు గాల్లోనే ఆగిపోయింది.

"తాడిచెట్టు అనలేదు నానమ్మా," అంది ప్రియ కళ్లు మూసుకునే. "మర్చిపోయావా?"

జోగమ్మ నోరు తెరిచింది. నీళ్లు ఆమె మణికట్టు మీద నుంచి కారిపోతున్నాయి. గడప దగ్గర తువ్వాలు పట్టుకుని నిలబడ్డ సత్యవాణి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"తాడిచెట్టంత పొడుగు," అంది సత్యవాణి.

అప్పుడు జోగమ్మ చెంబు వంచింది.