చెంచా చప్పుడు

ఇస్త్రీపెట్టె ఆవిరికి ఆ వంటిల్లు పొద్దున్నే మబ్బు పట్టినట్టుంది. వంట మాస్టరుకి అదొక పిచ్చి. హోటల్లో కట్టుకునే ఏప్రన్లు, తనదీ కూతురిదీ, తనే ఇస్త్రీ చేస్తాడు. భార్యని కూడా ముట్టుకోనివ్వడు. తెల్లవారుజామున వచ్చిన కల ఇంకా కళ్ళల్లోనే ఉంది. పైకప్పు లేని పెద్ద వంటగది, గిన్నెలన్నీ గాల్లో తేలుతున్నాయి, ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నారు. ఆ పేరు తనదేనా అని ఆలోచిస్తుండగానే మెలకువ వచ్చేసింది.

కూతురి ఏప్రన్ జేబులో ఏదో గరగరలాడింది. తీసి చూస్తే నాలుగు మడతల కాగితం. యూనియన్ పెట్టుకుంటున్నామని పైన రాసుంది, కింద సంతకాలు. మొదటిది కూతురిదే!

నిన్న సాయంత్రమే మాస్టరు భుజం మీద ఓనరు చెయ్యేసి అడిగాడు, "ఈ గొడవ మొదలుపెట్టిందెవరో రేపు చెప్పాలి మాస్టరూ. ఆ ఒక్కరినీ పంపించేస్తే అన్నీ సర్దుకుంటాయి" అని. సరేనని తలూపి మరీ వచ్చాడు.

"ఇదేంటే?" అన్నాడు కాగితం చూపించి.

అదే హోటల్లో వడ్డించే పని కూతురిది. జడ అల్లుకుంటూ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "చదివావుగా నాన్నా."

"నీకేం పోయేకాలమే! ఇరవై రెండేళ్ళుగా ఆయన్ని నమ్ముకుని బతుకుతున్నాం. నీకా పని ఇప్పించిందీ నేనే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఆయన ముందు నిలబడను?"

"నిలబడక ఎప్పుడైనా కూర్చున్నావా? పన్నెండు గంటల పనిలో మనకో స్టూలైనా ఉందా? జ్వరమొస్తే సెలవుందా? చెంచాతో పళ్ళెం మీద టంగుమని కొడితే పరిగెత్తుకెళ్ళాలి. పేరు పెట్టి పిలిస్తే ఆయన నోరేమైనా అరిగిపోతుందా?"

"అదో అలవాటు ఆయనకి. దానికింత రాద్ధాంతమా! చింపి పారెయ్."

"చింపను. వడ్డించేవాళ్ళం అందరం సంతకాలు పెట్టాం. వంటగదిలో పదకొండుమంది మాత్రం నీ మొహమే చూస్తున్నారు. నువ్వు పెడితే వాళ్ళూ పెడతారు. లేదా, రేపో మాపో నన్ను గెంటేస్తారు. అంతే!"

"ఆయన కాళ్ళు పట్టుకునైనా నీ పని నిలబెడతానే. నువ్వు మాత్రం..."

టంగ్!

మాస్టరు గబుక్కున ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, తలుపు వైపు రెండడుగులు వేసేశాడు. "వస్తున్నా సార్!"

వంటింట్లో ఎవరూ కదల్లేదు. టేబుల్ దగ్గర నాలుగేళ్ళ మనవరాలు చెంచా పట్టుకుని తాత వంక వింతగా చూస్తోంది. పాలు కావాలని కొట్టింది పాపం.

భార్య పొయ్యి వైపు తిరిగి కళ్ళొత్తుకుంది. "నిద్రలోనూ ఇంతేనండీ. పక్కింట్లో గిన్నె జారిపడితే చాలు, వస్తున్నా సార్ అంటూ లేచి కూర్చుంటారు. పసిపిల్లాడిలా జోకొట్టి పడుకోబెడతాను. తెల్లారేసరికి మీకేం గుర్తుండదు. చిన్నబుచ్చుకుంటారని ఇన్నాళ్ళూ చెప్పలేదు."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. కిటికీలోంచి వచ్చిన వెలుగు ఆవిరిలో మెల్లగా ఈదుతోంది. అంతా మళ్ళీ కలలాగే ఉంది. ఉన్నట్టుండి ఏడుపు తన్నుకొచ్చింది. కూతురి ముందేంటి, మనవరాలి ముందేంటి, సిగ్గుపడకుండా ఏడ్చేశాడు.

కూతురు వచ్చి ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చుంది. "నిన్ను నొప్పించాలని కాదు నాన్నా."

"తెలుసులేవే. మొదలుపెట్టిందెవరో ఇవాళ చెబుతానని ఓనరుకి మాటిచ్చాను."

కూతురి మొహం పాలిపోయింది. "నా పేరు చెబుతావా?"

"పెన్ను పట్రా."

కూతురి సంతకానికి పైన అంగుళం ఖాళీ ఉంది. అందులో తన పేరు ఇంటిపేరుతో సహా రాశాడు. ఆ హోటల్లో ఇరవై రెండేళ్ళుగా ఎవరి నోటా వినిపించని పేరు. రాసే అలవాటు తప్పి అక్షరాలు వంకర్లు పోయాయి.

"ఇప్పుడు చెబుతాను. మొదటి పేరు నాది. మా వంటగది వాళ్ళ సంగతి నాకొదిలెయ్."

"నాన్నా!" అంటూ కూతురు ఆయన్ని వాటేసుకుంది.

టంగ్! టంగ్! మనవరాలికి అదో ఆటైపోయింది. మాస్టరు మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి. రెండు చేతులతో గట్టిగా నొక్కిపెట్టుకున్నాడు.

"అలా కాదమ్మలూ. తాతా అని పిలువు."

పిల్ల కాసేపు ఆలోచించి చెంచా కింద పెట్టింది. "తాతా, పాలు."

"వస్తున్నా తల్లీ" అంటూ లేచాడు.