చల్లబడని కారు

రోహిణి కార్తె వచ్చి రెండు రోజులైంది. తెనాలిలో పన్నెండు దాటితే రోడ్డు మీద కాకి కూడా వాలడం లేదు. పొన్నూరు రోడ్డు పక్క రేకుల షెడ్డులో గోనెపట్టాలు తడిపి వేలాడదీసుకుని, మహబూబ్ సుభాని గ్లాసుతో మంచినీళ్ళు తాగబోతున్నాడు. అప్పుడే నల్ల అంబాసిడర్ ఒకటి వచ్చి షెడ్డు ముందు ఆగింది. దాన్ని చూడగానే గ్లాసు నోటి దాకా వెళ్ళకుండానే ఆగిపోయింది.

అది రేపల్లె రైసుమిల్లు యజమాని వెంకటకృష్ణయ్యగారి కారు. కిందటేడు, అంటే డెబ్బై అయిదు వేసవిలో, మద్రాసు నుంచి తెప్పించిన ఏసీ పెట్టెను దానికి బిగించింది సుభానియే. ఆ చుట్టుపక్కల ఆ పని తెలిసినవాడు అతనొక్కడే మరి.

డ్రైవర్ లాజరు దిగాడు. ఒక్క ఏడాదిలో మనిషి సగమైపోయాడు.

"చల్లగాలి రావట్లేదన్నా. గుంటూర్లో గ్యాసు నింపించాం. అయినా అంతే. ఎల్లుండి అయ్యగారమ్మాయిని కాన్పుకి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఈ ఎండల్లో ఎలాగ? అయ్యగారు నీ దగ్గరికే వెళ్ళమని కబురు పెట్టారు."

సుభాని బానెట్ ఎత్తాడు. బెల్టు బిగువుగానే ఉంది. ఇంజను వేయించి కంప్రెసరు చూశాడు, తిరుగుతోంది. గేజీలు తగిలించాడు, గ్యాసు సరిపోను ఉంది. పెట్టెలోకి వెళ్ళే పైపు మీద తెల్లగా మంచు కూడా పేరుకుంది. వేలు పెడితే జివ్వుమంది. ఇంత చల్లటి పైపు వెళ్తుంటే లోపల గాలి చల్లగా రాక ఏం చేస్తుంది? డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి చూశాడు.

వెచ్చగా ఉంది. వెచ్చగా, తడిగా...

"ఆ ఒక్కచోటు చూళ్ళేదుగా అన్నా" అన్నాడు లాజరు.

అతను చూపించింది ఇంజనుకీ కారు లోపలికీ మధ్య ఉన్న రేకుని. ఏసీ పైపులు దాంట్లోంచే లోపలికి వెళ్తాయి. పైపుల చుట్టూ నల్లటి మైనంలాంటి పుట్టీ దట్టంగా పూసి ఉంది.

"అది బాగానే ఉందిలే. నేనే పూశాను."

"ఎప్పుడు పూశావు?"

సుభాని గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. గంట నుంచీ అతను తడమని చోటంటూ లేదు, ఆ చోటు తప్ప.

కిందటేడు ఏసీ బిగించినప్పుడు పైపుల కోసం ఆ రేకుకు కన్నం తొలిచాడు. చుట్టూ రబ్బరు వేసి మూయాలి. కొలతకు సరిపోయే రబ్బరు దొరకలేదు. తర్వాత చూద్దాంలే అనుకుని కారు ఇచ్చేశాడు. వారం తిరక్కుండా వెంకటకృష్ణయ్యగారు సరుగుడు తోట బేరానికని సూర్యలంక వెళ్ళారు. ఎప్పుడూ పచ్చకర్పూరం తాంబూలం వేసుకునే భార్య కమలమ్మగారు నలతగా ఉండి కారులోనే పడుకున్నారు. ఏసీ కోసం ఇంజను ఆపొద్దన్నారు, అద్దాలు బిగించారు. లాజరు టీ తాగడానికి వెళ్ళాడు. గంట తర్వాత వచ్చి తలుపు తీస్తే ఆమె లేవలేదు.

గుండె ఆగిందన్నారు డాక్టరు. లాజరు దగ్గరుంటే బతికేదన్నారు ఊళ్ళో జనం. సుభాని కూడా చివరి చూపుకి వెళ్ళాడు. ఆమె ముఖం ఎర్రగా, పెళ్ళికూతురిలా ఉంది. మద్రాసులో పని నేర్చుకునే రోజుల్లో, మూసిన షెడ్డులో ఇంజను పొగకి చచ్చిపోయిన మనిషి ముఖం కూడా అలాగే ఉంది. తను మూయని కన్నంలోంచే పొగ కారులోకి వచ్చిందని అతనికి తెలిసిపోయింది. ఎవరికీ చెప్పలేదు. పదకొండో రోజున, కారు సర్వీసుకు వచ్చినప్పుడు, గుట్టుగా పుట్టీ పూసేశాడు.

"వెనక కూర్చుని చూస్తాను. నువ్వు ఇంజను దగ్గరుండు" అన్నాడు సుభాని.

వెనక సీట్లోకి ఎక్కి తలుపు వేసుకున్నాడు. బయటి శబ్దాలన్నీ ఒక్కసారిగా తెగిపోయాయి. పెట్టెలో ఫ్యాను ఒకే తీరుగా హోరెత్తుతోంది.

కానీ గాలి ఒకే తీరుగా రావడం లేదు.

వస్తోంది... ఆగుతోంది. మళ్ళీ వస్తోంది... ఆగుతోంది. ముఖం మీద వెచ్చగా తగులుతోంది. తమలపాకు, పచ్చకర్పూరం వాసన. దాని వెనక సన్నగా, ఇంజను పొగ.

అది ఊపిరి. నిద్రపోతున్న మనిషి ఊపిరి.

సుభాని బిగుసుకుపోయాడు. ఒక్కో ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది. తల బరువెక్కింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. తలుపు తీయాలి... చెయ్యి లేవడం లేదు. ఇంకొకటి వచ్చింది. చాలాసేపు ఏమీ లేదు. ఇంకొకటి...

"అమ్మా" అన్నాడు. "ఆ కన్నం నేనే వదిలేశానమ్మా."

తలుపు తెరుచుకుంది. లాజరు అతన్ని చంకల కింద పట్టి బయటికి లాగాడు. నేల మీద పడి దగ్గుతూనే, ఆగకుండా అంతా చెప్పేశాడు సుభాని.

లాజరు ఎండలోనే చతికిలబడ్డాడు.

"అయితే నేను టీకి వెళ్ళకపోయినా..."

"నువ్వు ఆ కారులో ఉంటే నువ్వూ పోయేవాడివి తమ్ముడూ."

"ఏడాదైందన్నా అయ్యగారు నాతో మాట్లాడి. పనిలోంచి తీసెయ్యలేదు. అద్దంలోంచి నా వంకే చూస్తూ కూర్చుంటారు. ముద్ద గొంతు దిగదు నాకు." కండువాతో ముఖం తుడుచుకుని లేచాడు. "నాకు చెప్పి ఏం లాభం? పద. ఆయనకి చెప్పు."

అద్దాలన్నీ దించుకుని, ఏసీ కట్టేసి, వడగాలిలో రేపల్లె వెళ్ళారు. దారిలో ఇద్దరూ వెనక్కి తిరిగి చూడలేదు.

వెంకటకృష్ణయ్యగారు అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. సుభాని మెట్ల కింద నిలబడి, తల ఎత్తకుండా చెప్పాడు. పెద్దాయన కేకలు వెయ్యలేదు. లాజరు వంక తిరిగి, "కూర్చో లాజరూ" అన్నారు. తర్వాత సుభానిని ఒక్కటే అడిగారు.

"దానికి ఏమీ తెలియలేదుగా? నిద్రలోనేగా పోయింది?"

"నిద్రలోనే అయ్యగారూ. ఆ పొగ అంతే. మెలకువ రానివ్వదు."

"ఆ కన్నం ఏదో నాకు చూపించు."

బానెట్ ఎత్తి, స్క్రూడ్రైవర్‌తో పుట్టీ పెళ్ళగించాడు సుభాని. అది ఊడి కింద పడింది. కానీ వెనక కన్నం కనబడలేదు. గుడ్డ ఒకటి అడ్డుగా ఉంది. పొగ రాకుండా ఎవరో లోపలివైపు నుంచి గట్టిగా మెలిపెట్టి కుక్కినట్టు ఉంది. పుట్టీ పూసిన రోజున అక్కడ ఏ గుడ్డా లేదు.

వేళ్ళతో పట్టి లాగాడు. జానెడు వచ్చింది. వంగపండు రంగు పట్టు, సన్నటి జరీ అంచు. వెచ్చగా, తడిగా ఉంది.

వెంకటకృష్ణయ్యగారు వంగి ఆ జరీ అంచుని వేళ్ళతో తడిమారు.

"ఈ చీరతోనే కదరా దాన్ని కాటికి పంపించింది" అన్నారు గుసగుసగా. "చెరగు ఎక్కడా చిరగలేదు. నా చేత్తో నేనే ముఖం మీద కప్పాను... నిద్రలోనే అన్నావు కదా?"

సుభాని ఇంకొంచెం లాగాడు. గుడ్డ రాలేదు. కారు తలుపులన్నీ బార్లా తెరిచే ఉన్నాయి, లోపల ఎవరూ లేరు.

అవతలి కొస బిగుసుకుంది. తర్వాత మెల్లగా, వేలెడు వేలెడుగా, లోపలికి పోవడం మొదలుపెట్టింది.