వెనక పేజీ చూడని మనిషి

"ఈ లెక్క రాసిన మహానుభావుడు ఎవరు?"

వర్క్‌బుక్‌లు అచ్చువేసే ఆ ఆఫీసులో కీబోర్డులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. గుమ్మంలో ఏడో తరగతి లెక్కల టీచర్. ఒక చేతిలో నీళ్లు కారుతున్న గొడుగు, ఇంకో చేతిలో అచ్చుకి ముందు చూడమని బడికి పంపిన ప్రూఫు కాగితం.

"నేనేనండీ," అని లేచాడు అతను.

"తండ్రి వయసు కూతురి వయసుకి మూడు రెట్లు. ఐదేళ్ల క్రితం రెండు రెట్లు. కూతురి వయసెంత? చెయ్యండి."

కూతురు x, తండ్రి 3x అనుకున్నాడు. 3x – 5 = 2(x – 5). జవాబు చూసి గొంతు తగ్గించాడు.

"మైనస్ ఐదు."

"అంటే ఆ పిల్ల ఇంకో ఐదేళ్లకి పుడుతుంది. వాళ్ల నాన్న ఇంకో పదిహేనేళ్లకి!"

"పొరపాటండీ. క్రితం కాదు, ఐదేళ్ల తర్వాత."

ఆమె నిలబడే మనసులో లెక్క కట్టింది. "అప్పుడు కూతురికి ఐదు, నాన్నకి పదిహేను. పదేళ్లకే తండ్రయ్యాడా, పాపం?"

ఆఫీసంతా ఘొల్లుమంది. ఆ రోజు నుంచి అతని పేరు మైనస్ ఐదు.

మిగతా లెక్కలన్నీ చూసిపెట్టమని మేనేజరు ఆమెనే బతిమాలాడు. రోజూ బడి వదలగానే వచ్చేది. ఎర్ర పెన్ను, ఎదురు కుర్చీ, ఎడతెగని చీవాట్లు.

"జవాబు రాగానే పెన్ను మూసేస్తారేంటి? దాన్ని మళ్లీ లెక్కలో పెట్టి సరిచూడాలి. నా క్లాసులో జవాబు ముందు పేజీలో, సరిచూడటం వెనక పేజీలో. వెనక ఖాళీగా ఉంటే సున్నా."

"మీ పిల్లలు ఎలా బతుకుతున్నారండీ?"

"మీకంటే నయంగానే."

మాటల్లో తెలిసింది, ఇద్దరూ చదివింది ఒకే స్కూల్లోనని. ఆమె అతని కంటే రెండు క్లాసులు కింద.

పదో రోజు ఆమె ఎర్ర పెన్ను పక్కన పెట్టింది. "ప్రమోషన్ ఇచ్చి వేరే ఊరు వెళ్లమంటున్నారు. శుక్రవారం నాలుగింటిలోగా అవునో కాదో రాసివ్వాలి."

అతనికి వచ్చిన విద్య ఒక్కటే, లెక్కలు రాయడం. శుక్రవారం పొద్దున్నే ఆఖరి ప్రూఫుతో పాటు ఒక కాగితం బడికి పంపాడు.

'అతను ఆమె కంటే రెండేళ్లు పెద్ద. ఇద్దరి వయసుల మొత్తం 54. ఎవరి వయసెంత? వాళ్లిద్దరూ పెళ్లి చేసుకోవచ్చా?'

మూడున్నరకి కాగితం తిరిగొచ్చింది. లెక్క మీద అడ్డంగా, పెద్ద ఎర్ర ఇంటూ.

అతను కాగితం పట్టుకుని, గొడుగు కూడా తీసుకోకుండా బడికి పరుగెత్తాడు. తడిసి ముద్దయి ఏడో తరగతి గుమ్మంలో నిలబడేసరికి నాలుగుకి ఇంకా ఐదు నిమిషాలుంది.

"నన్ను వద్దంటే వద్దనండి. ఊరు మాత్రం వెళ్లకండి," అన్నాడు రొప్పుతూ.

నలభై జతల కళ్లు అతని మీదే.

"లెక్క తప్పు కాబట్టి ఇంటూ పెట్టాను," అందామె.

"ఏం తప్పు? x ఇరవై ఆరు. ఇరవై ఆరూ ఇరవై ఎనిమిదీ, యాభై నాలుగు!"

"నాకు ఇరవై ఏడు."

"రెండు క్లాసులు కింద అన్నారుగా?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "మధ్యలో ఒక ఏడాది తప్పాను."

"ఎందులో టీచర్?" ముందు బెంచీ పిల్ల అడిగేసింది.

"...లెక్కల్లో."

క్లాసు పైకప్పు లేచిపోయింది. ఆ గోలలోనే ఆమె అతని వైపు వంగి, "కాగితం తిప్పారా?" అంది.

తిప్పలేదు. ఇప్పుడు తిప్పాడు. తడికి అక్షరాలు కాస్త అలుక్కున్నాయి గానీ చదవగలిగాడు.

'27 + 28 = 55. వయసు తప్పు. రెండో ప్రశ్నకి జవాబు: చేసుకోవచ్చు. ప్రమోషన్ వద్దని పొద్దున్నే రాసిచ్చాను. హోంవర్కు: ఆదివారం వచ్చి మా నాన్నని అడగాలి. ఆయన కూడా లెక్కల మాస్టారే.'

అతను తలెత్తాడు. చూపు కలవగానే ఆమె సుద్దముక్క కోసం వెతకడం మొదలుపెట్టింది. అది ఆమె చేతిలోనే ఉంది.

"టీచర్," మళ్లీ ఆ పిల్లే, "బాగా సరిచూశారా?"

"పది రోజులు," అంది టీచర్.