అబ్బాయిరాజుగారి బట్టల గది

భాద్రపదమాసం ముసురులో ఒక ఉదయం, ఏలూరు కాలువ గట్టున ఉన్న ప్రైవేటు డిటెక్టివ్ పాండురంగారావు ఇంటికి ఒక మనిషి నిలువునా తడిసి వచ్చాడు. అతని చంకలో గొడుగు ఉంది. దాన్ని తెరవాలన్న సంగతే అతనికి తోచినట్టు లేదు.

"ముందు కూర్చో" అన్నాడు పాండురంగారావు. "గొడుగుండి కూడా తడిశావంటే నీకొచ్చిన కష్టం ఈ వానకన్నా పెద్దదే."

ఆ మాటకే అసిస్టెంటు వరదానం మురిసిపోయాడు. మిషన్ స్కూల్లో పంతులు ఉద్యోగం వదిలేసి ఈయన దగ్గర చేరింది ఇలాంటి మాటలు వినడానికే.

"నా పేరు అబ్రహామండి. తాడేపల్లిగూడెంలో అబ్బాయిరాజుగారి తోటలో పని. మా ఆడది మార్తమ్మ ఆరింట్లోనే పనిచేస్తుందండి. మొన్న శుక్రవారం రాజుగారు బట్టల గదిలో పోయారండి. మా మార్తే చంపిందని పోలీసులు పట్టుకెళ్ళారు. ఉరి తీస్తారంటున్నారండి బాబూ!"

"బట్టల గదా? బీరువా కాదూ?"

"కాదండి, గదే. దొరలకి ఉంటాయంట. రాజుగారు ఎవరో దొరగారి బంగళాలో చూసొచ్చి, పడగ్గదిలోంచి దారి పెట్టి కట్టించారండి. లోపల చుట్టూ అరలూ, దండేలూ, నిలువుటద్దమూ. వానాకాలం బట్టలకి బూజు పట్టకుండా మార్త రోజూ పొద్దున్నే కుంపటి పెట్టి సాంబ్రాణి పొగేసి, రాజుగారు వచ్చేలోపు తీసేస్తుందండి. ఆ రోజూ తీసేశానంటోంది. కుంపటి మాత్రం లోపలే దొరికింది."

"మార్తమ్మకి ఆయన మీద కోపమేమైనా ఉందా?"

అబ్రహాం తల దించుకున్నాడు. "ముందురోజు నిప్పురవ్వ పడి పట్టు ఉత్తరీయానికి చిల్లు పడిందని చేతికర్రతో కొట్టారండి. వీధంతా చూసింది."

"వాళ్ళ దగ్గర ఎప్పట్నుంచి పని?"

"నాలుగేళ్ళనుంచండి. అంతకుముందు కొల్లేట్లో దోనె నడిపేవాణ్ణి. అమ్మగారి తమ్ముడు వెంకట్రాజుగారు వరదలో గట్టు మీంచి పడి పోయినప్పుడు, శవాన్ని నా దోనెలోనే తెచ్చానండి. అప్పుడే రాజుగారు మా ఇద్దరికీ పనిచ్చారు."

"మంచివాడే అయితే."

అబ్రహాం మొహం వాకిలివైపు తిప్పుకున్నాడు. పాండురంగారావు అది గమనించాడు. గోడకున్న కోటు అందుకుని, "వరదానం, రైలుకి టైమైంది" అన్నాడు.

తాడేపల్లిగూడెంలో సర్కిల్ ఇన్‌స్పెక్టరు నవ్వుతూ ఎదురొచ్చాడు. "ఇందులో డిటెక్టివుకి పనేముంది రావుగారూ? బొగ్గుల ఆవిరి మూసిన గదిలో మనిషిని నిద్రపుచ్చి చంపేస్తుందని డాక్టరు చెప్పాడు. శవం పెదవులు తాంబూలం వేసుకున్నట్టు ఎర్రగా ఉన్నాయట. దెబ్బ తిన్న పనిమనిషి పగబట్టి కుంపటి దాచిపెట్టింది. అంతే."

"గది చూడనిస్తారా?"

"నిక్షేపంగా. వస్తువులు కూడా కదపలేదు."

రాజుగారి లోగిలి పెద్దది. చనిపోయినాయన తమ్ముడు రామభద్రరాజు వాళ్ళని పడగ్గదిలోకి తీసుకెళ్ళాడు. ఎదురిల్లు అతనిది. అన్నగారి ఆస్తి ఇక తనదేనన్న ధీమా అప్పుడే అతని నడకలో కనిపిస్తోంది.

బట్టల గది ముచ్చటగా ఉంది. రంగూను టేకు అరలు, ఇత్తడి దండేలకి వేలాడే పొడుగు కోట్లు, మడతపెట్టిన పట్టు ఉత్తరీయాలు. గోడనుంచి గోడదాకా మందమైన ఏలూరు తివాచీ. కిటికీ మాత్రం లేదు.

"వరదానం, లోపలికి వెళ్ళి తలపాగా సర్దుకో" అన్నాడు పాండురంగారావు.

వరదానం వెళ్ళి నాలుగు వైపులా చూశాడు. "అద్దం ఏదండీ?"

"తలుపు వేసుకో."

తలుపు మూసుకుంది. లోపల్నుంచి వరదానం గొంతు సన్నగా వినిపించింది. "అబ్బో! తలుపు లోపలివైపుందండి. తలనుంచి కాళ్ళదాకా కనిపిస్తున్నాను."

పాండురంగారావు వంగి, మూసిన తలుపు కింద వేలు పెట్టబోయాడు. దూరలేదు. తివాచీ అంచు గడపదాకా వచ్చి సందు మొత్తం కప్పేసింది. తలుపు తీయించి, వేలాడే కోట్లను ఒక్కొక్కటే వాసన చూశాడు. వాటి వెనక మూలగా ఉన్న మట్టికుంపటిని లాగి, బూడిదని వేళ్ళతో నలిపాడు. తెల్లగా, పిండిలా ఉంది.

"అబ్రహాం, మార్తమ్మ నిప్పు దేంతో చేస్తుంది?"

"పిడకలతోనండి. కొట్టంలో బోలెడుంటాయి."

"ఇది పిడకల బూడిద కాదు, తుమ్మబొగ్గుది. ఈ ఇంట్లో బొగ్గులు ఎక్కడుంటాయండీ?"

"వంటింట్లో" అన్నాడు రామభద్రరాజు.

"మార్తమ్మ అక్కణ్ణుంచి తెచ్చుకుని ఉండొచ్చుగా?"

రామభద్రరాజు పకపకా నవ్వాడు. "భలేవారే! కిరస్తానీదాన్ని వంటింటి గడప తొక్కనిస్తామా? అది సరే, నేనే తొక్కను. మా అన్నగారికి మడి జాస్తి. వదినగారి చేతివంట తప్ప ముట్టేవారు కాదు. వంటింట్లోకి ఆవిడ తప్ప పురుగు కూడా పోదు."

రామభద్రరాజు పనిమనిషిని చులకన చేద్దామనే అలా అన్నాడు. పాండురంగారావు మాత్రం ఆ మాటని జాగ్రత్తగా అందుకున్నాడు.

తరవాత వడ్రంగి పాపారావుని పిలిపించారు.

"గది ప్లాను ఎవరు గీశారు పాపారావ్?"

"కాయితమేం లేదండి. హాల్లో నేలమీద ముగ్గుతో గీసి ఉండేదండి, గదెంతుంటుందో అంతా. ఇక్కడ గోడ, ఇక్కడ అర, ఇక్కడ దండెం అని. రాజుగారు అందులో అటూ ఇటూ నడిచి, చేతులు చాపి చూసుకుని, 'ఇలాగే కానీరా' అన్నారు. నేను తాడేసి కొలుచుకున్నాను."

"కిటికీ లేకుండానే గీశారా?"

"మొదట ఉందండి, దక్షిణం వైపు. అద్దం ఆ పక్క గోడకి. కొన్నాళ్ళకి పొద్దున్నే వచ్చి చూద్దును కదా, ముగ్గు మారిపోయింది! కిటికీ చోట అరలు. అద్దం గుర్తు తలుపు లోపలివైపుకి వచ్చింది."

"రాజుగారిని అడగలేదా?"

"అడిగితే కర్రతో చెబుతారండి జవాబు. అయినా ఆయన ఊళ్ళో లేరు, ఉండి ఊరి పొలంలో ఊడ్పులు చేయిస్తున్నారు. పని సగమయ్యాక వచ్చి చూసి, 'అద్దం తలుపుకి పెట్టావా, బుర్రున్నోడివిరా' అన్నారండి. ఆయనే మార్పించి మర్చిపోయారు కాబోలు, మెచ్చుకుంటుంటే కాదనడమెందుకని ఊరుకున్నాను."

వరదానం నవ్వాడు. పాండురంగారావు నవ్వలేదు.

ఇల్లాలు వెంకటనరసమ్మ ఘోషా పాటించే మనిషి. పరాయి మగవాడి కంట పడింది లేదు. హాలు చివర తెర కట్టి, దాని వెనక ఆమె కూర్చుంది. ఇవతల నిలబడి పాండురంగారావు అడిగాడు.

"అమ్మా, ఆ ఉదయం రాజుగారు గదిలోంచి ఎంతకీ రాకపోతే మీకు అనుమానం రాలేదా?"

"ఏలూరులో పెళ్ళికి ప్రయాణమయ్యారు. ముస్తాబులో ఉండగా ఆయన్ని ఎవరూ పలకరించకూడదండి. ఎంతసేపైనా అంతే." గొంతు మెత్తగా, తొణక్కుండా ఉంది.

"ఆ గది మీకు నచ్చిందా?"

"మగవారి గది. నాకు నచ్చేదేముందండీ?" తరవాత ఆమే అడిగింది. "మరిదిగారూ, మార్త ఎప్పుడొస్తుంది? ఇన్నాళ్ళూ కనిపించకుండా ఎప్పుడూ లేదు."

"తల్లికి జబ్బు చేసి ఊరెళ్ళింది కదా వదినగారూ. వచ్చేస్తుంది" అన్నాడు రామభద్రరాజు తడుముకోకుండా.

వరదానం ఏదో అనబోయాడు. పాండురంగారావు అతని కాలు తొక్కాడు.

అక్కణ్ణుంచి తిన్నగా స్టేషనుకి వెళ్ళారు. మార్తమ్మ గోడవైపు తిరిగి కూర్చుని ఉంది.

"మార్తమ్మా, శవాన్ని తెచ్చిన దోనెవాడికి అప్పటికప్పుడు పనివ్వడం ఊరికే జరగదు. వెంకట్రాజుగారు నిజంగా ఎలా పోయారో మీ ఆయన నీకు చెప్పాడు. నువ్వు అమ్మగారికి చెప్పావు. అవునా?"

ఆమె ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. తమరికెలా తెలుసని అడగబోయి కొంగు నోట్లో కుక్కుకుంది. "నేనెవరికీ ఏం చెప్పలేదండి. నన్నే ఉరి తీసుకోండి. అమ్మగారి జోలికి పోకండి."

"నేను అమ్మగారి జోలికి వెళ్తానని ఎవరన్నారు?" అన్నాడు పాండురంగారావు మెల్లగా. మార్తమ్మ మళ్ళీ గోడవైపు తిరిగిపోయింది.

మర్నాడు అందరూ అబ్బాయిరాజుగారి హాల్లో చేరారు. ఇన్‌స్పెక్టరు, రామభద్రరాజు, పాపారావు, గుమ్మం దగ్గర అబ్రహాం. తెర వెనక వెంకటనరసమ్మ. కాస్త ఆలస్యంగా ఇద్దరు కానిస్టేబుళ్ళు మార్తమ్మని తెచ్చి, చప్పుడు చెయ్యకుండా ఒక మూల నిలబెట్టారు.

పాండురంగారావు మొదలుపెట్టాడు.

"అబ్బాయిరాజుగారిని చంపింది కుంపటి అన్న మాట నిజం. అయితే మార్తమ్మ కుంపటి కాదు. ఆమె పిడకల మీద సాంబ్రాణి వేస్తుంది. అలాంటి పొగలో రాజుగారు క్షణం నిలిచేవారు కారు, దగ్గి బయటికి వచ్చేవారు. గదిలో దొరికింది బాగా రాజిన తుమ్మబొగ్గు. దానికి పొగ ఉండదు. కోట్లకి సాంబ్రాణి వాసన పాతదే తప్ప కొత్తది లేదు. మార్తమ్మ తన కుంపటి తీసేసిన తరవాత ఇంకెవరో రెండోది తెచ్చి కోట్ల వెనక పెట్టారు."

"అయితే ఆయన తలుపు తీసుకుని వచ్చెయ్యొచ్చుగా? గడియ కూడా లేదే" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అదే ఆ గది గొప్ప. గడియ అక్కర్లేదు. అద్దం తలుపు లోపలివైపుంది. తనని తాను చూసుకోవాలంటే తలుపు వేసుకోవాలి. సోకు చేసుకునే మనిషి తన చేత్తోనే తలుపు మూసుకుని, దాని ముందే నిలబడతాడు. కిటికీ లేదు. తలుపు కింద సందుని తివాచీ మూసేసింది. ఆవిరికి రంగూ వాసనా లేవు. మత్తు కమ్మిందని తెలిసేసరికి కాళ్ళు స్వాధీనంలో ఉండవు. ఇన్‌స్పెక్టరుగారూ, ఈ హత్య శుక్రవారం జరగలేదు. ఆషాఢంలో, ఇదిగో ఈ నేలమీద, ముగ్గు మారిన రోజున జరిగింది."

పాపారావు తను నిలబడ్డ చోటునుంచి రెండడుగులు వెనక్కి వేశాడు.

"రాజుగారు అది వడ్రంగి తెలివి అనుకున్నారు. వడ్రంగి రాజుగారి తెలివి అనుకున్నాడు. ఆ వారం రాజుగారు ఉండిలో ఉన్నారు. ఈ హాల్లో ముగ్గు పెట్టే చెయ్యి ఎవరిదని ఇద్దరికీ తట్టలేదు. కంటికి కనిపించని మనిషి ఆలోచిస్తుందని మగవాళ్ళకి తోచదు. బొగ్గులున్న వంటింట్లోకి ఒక్కరే వెళ్తారని రామభద్రరాజుగారే సెలవిచ్చారు."

"ఏం కూస్తున్నారు మీరు!" రామభద్రరాజు లేచాడు.

పాండురంగారావు అతన్ని పట్టించుకోకుండా తెరవైపు తిరిగాడు. "అమ్మా, ఇక్కడున్న వాళ్ళందరికీ కనిపిస్తున్నది మీకు కనిపించదు కాబట్టి చెబుతున్నాను. మార్తమ్మ ఊరెళ్ళలేదు. ఈ హాల్లోనే ఉంది. చేతులకి సంకెళ్ళున్నాయి. మీ పేరు చెప్పమంటే, నన్నే ఉరి తీసుకోండి అంటోంది."

తెర పక్కకి జరిగింది.

సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి బయటికి వచ్చింది. ఇన్‌స్పెక్టరుతో సహా మగవాళ్ళంతా అలవాటుకొద్దీ తలలు దించుకున్నారు. ఆమె వాళ్ళని చూడలేదు. సూటిగా మార్తమ్మ దగ్గరికి నడిచి, ఆ సంకెళ్ళని చేత్తో పట్టుకుంది.

"ఊరెళ్ళావనుకున్నానే" అంది.

"ఎందుకొచ్చారమ్మా బయటికి!" మార్తమ్మ ఏడ్చింది.

"విప్పండి ఇవి" అంది వెంకటనరసమ్మ. ఇన్‌స్పెక్టరు తటపటాయిస్తుంటే గొంతు పెంచింది. "చేసింది నేనంటున్నాను. విప్పండి! మా తమ్ముడు కొల్లేటి గట్టు మీద చేతులు చాపుకుని నిలబడ్డాడు, తెగ్గొడితే కింద ఊరు మునిగిపోతుందని. ఈయనకి ఊరు కాదు, తన చేను కావాలి. వాడు నిలబడ్డ చోటే తవ్వించారు. వచ్చి నాతో కాలు జారిందన్నారు. నాలుగేళ్ళు ఆ చేతికి అన్నం వడ్డించాను. ఈ ఎండాకాలం తెలిసింది నాకు. బట్టలకి గది కావాలి, గీసిపెట్టు అన్నది ఆయనే. గీశాను. నా తమ్ముడికి ఊపిరాడనప్పుడు వాడి మొహం చూసిన దిక్కు లేదు. ఈయన మొహం ఈయనే చూసుకుంటూ పోవాలని అద్దం అక్కడ పెట్టించాను. ప్రమాదమనుకుంటారని తలిచాను. దీని మెడకి చుట్టుకుంటుందని తెలిస్తే ఆ రోజే చెప్పేదాన్ని."

"వదినగారూ, లోపలికి వెళ్ళండి!" రామభద్రరాజు అరిచాడు. "వంశం పరువు తీస్తున్నారు!"

ఆమె అప్పుడు మరిదివైపు తిరిగింది. "ఆ రాత్రి పలుగు పట్టింది మీరే కదా మరిదిగారూ?"

"అబద్ధం! ఎవడు చూశాడు?"

గుమ్మం దగ్గర అబ్రహాం గొంతు సవరించుకున్నాడు. ఒక అడుగు లోపలికి వేశాడు.

"నేను చూశానండి. గట్టు కింద దోనెలో ఉన్నాను. లాంతరు పెద్ద రాజుగారి చేతిలో ఉంది, పలుగు తమరి చేతిలో. వెంకట్రాజుగారు 'బావా' అని కేక పెట్టారండి. మర్నాడు పొద్దున్నే నాకు పనిచ్చి, నోరు తెరిస్తే నన్నూ అందులోనే కలిపేస్తామన్నారు. నా ఆడదాన్ని ఉరికొయ్యదాకా తెచ్చారు. ఇంక నాకు భయమేంటండి? ఏ కోర్టులోనైనా చెబుతాను."

రామభద్రరాజు గుమ్మంవైపు చూశాడు. అప్పటికే అక్కడ ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. మార్తమ్మ చేతులనుంచి తీసిన సంకెళ్ళు కానిస్టేబులు దగ్గర ఉన్నాయి. అవి రామభద్రరాజు చేతులకి సరిగ్గా పట్టాయి.

వెంకటనరసమ్మ అది నిలబడి పూర్తిగా చూసింది. తరవాత, "పదండి" అంది.

ఇన్‌స్పెక్టరు నసిగాడు. "అమ్మా, మీకు తెర కట్టిన బండి తెప్పిస్తాను."

"అక్కర్లేదు."

అరుగు దిగి ఆమె నడివీధిలోకి వచ్చింది. వాన వెలిసింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ముసుగు లేకుండా వీధిలో అడుగు పెట్టడం అదే మొదలు. రాజుగారింటి ఇల్లాలు బయటికి రావడం చూసి, జనం గబగబా మొహాలు తిప్పుకుని గోడలవైపు నిలబడ్డారు. వరదానం కూడా తల వంచాడు.

ఆమె ఆగింది.

"ఇటు తిరగండి" అంది గట్టిగా. "నన్ను చూడండి. రేపు కోర్టులో ఎవరు చంపారని అడిగితే, గుర్తుపట్టాలి కదా."