చుట్టుదారి

“ఇంకెంతసేపండీ?”

“ఇదిగో, వచ్చేశామండీ.”

జీపు డ్రైవరు తనతో చెప్పే అబద్ధం ఇదొక్కటే అనుకునేది కళ్ళ డాక్టరమ్మ. మ్యాపుల్లో కూడా లేని ఈ కొండ ఊళ్ళన్నీ రెండేళ్ళుగా అతని జీపులోనే తిరిగింది. సరైన రోడ్డు లేదు, సిగ్నల్ లేదు, తల నిండా దుమ్ము. పరీక్ష అద్దాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఎగిరెగిరి పడి నడుము హూనమైపోయింది. ఇక నా వల్ల కాదంటూ తనే బదిలీ అడిగి తెచ్చుకుంది. సాయంత్రం బస్సెక్కితే ఈ గోల వదిలిపోతుంది.

ఆ సంతోషమేదో పొద్దుట్నుంచీ ఎంత వెతుక్కున్నా దొరకడం లేదు.

వెనక సీట్లో కంటికి కట్టుతో కూర్చున్న ముసలమ్మ తన ఊరు రాగానే మూలుగుతూ దిగింది.

“వాగు దారిన వస్తే ఎప్పుడో ఇంట్లో ఉండేదాన్ని. ఈ చుట్టుదారి ఏం ఖర్మ బాబూ నీకు?”

డ్రైవరు మొహం అటు తిప్పుకున్నాడు. జీపు కదిలింది.

“దగ్గర దారి ఉందా?” అంది డాక్టరమ్మ.

“ఉందండీ.”

“ఉండగానే నన్ను ఇన్నాళ్ళూ చుట్టూ తిప్పారా? నా నడుమంటే అంత అలుసా?”

గట్టిగా అరుద్దామనుకుంది. ఓపిక లేక మామూలుగానే వచ్చింది మాట.

“మొదటిసారి వాగు దారినే తీసుకెళ్ళానండీ. ఆ మలుపులకి బండి ఆపించి ఆపించి వాంతులు చేసుకున్నారు. చివరికి రాయి మీద కూలబడి, మళ్ళీ ఈ దారిన తెస్తే ఉద్యోగం మానేస్తానన్నారు.”

ఆమెకి లీలగా గుర్తొచ్చింది.

“అది నిజమనుకున్నారా?”

“భయపడ్డానండీ. మీరు వెళ్ళిపోతే ఈ కొండల్లోకి ఇంకో డాక్టరు రారు కదా అని.”

“రెండేళ్ళూ అదే భయమా?”

“భయం అదేనండీ.” అతను గేరు మార్చాడు. “కారణమే మారిపోయింది.”

డాక్టరమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. బయట చూడ్డానికి ఏమీ లేదు. చెవులు మాత్రం వేడెక్కాయి.

దారి రెండుగా చీలిన చోట జీపు ఆగింది.

“ఇవాళ వాగు దారినే దిగాలండీ. చుట్టూ పోతే మీకు బస్సందదు. కొంచెం ఓర్చుకోండి.”

ఆమెకి ఒళ్ళంతా నొప్పులు. కాసేపు ఎక్కడైనా పడుకుంటే చాలనిపిస్తోంది. పడుకుని లేచాక ఈ మనిషి కనిపించడన్న సంగతి మాత్రం భరించలేననిపించింది.

“ఆ దారిన తీసుకెళ్తే ఉద్యోగం మానేస్తానన్నానుగా?”

“అన్నారండీ.”

“మరి తెలిసీ అటు తిప్పుతారేంటి? చుట్టూ పోనివ్వండి.”

“బస్సండీ...”

“పోతే పోనివ్వండి. బదిలీ వద్దని రేపు ఫోన్ చేస్తాను. ఇవాళ నాకు ఓపిక లేదు.”

అతను స్టీరింగ్ తిప్పడం కూడా మర్చిపోయి నవ్వాడు. కాసేపటికి జీపు చుట్టుదారి పట్టింది. ఆమె అద్దాల పెట్టె కింద పెట్టి, తల అతని భుజానికి ఆనించి కళ్ళు మూసుకుంది.

“ఇంకెంతసేపండీ?”

“చాలాసేపు పడుతుందండీ.”

“హమ్మయ్య,” అంది డాక్టరమ్మ.