లావుపాటి నవల

నీలకంఠం రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చాడంటే, పోర్టు క్వార్టర్సులోని ఆ రెండు గదుల ఇంట్లో ఈగైనా సరే చప్పుడు చెయ్యకుండా ఎగరాల్సిందే. ఆ వేళ పొద్దున్నా అంతే. అతను చద్దన్నం తిని చాప మీద వాలగానే కాంతం కిటికీకి పాత దుప్పటి కట్టింది. పిల్లలిద్దరి వైపూ తిరిగి పెదవుల మీద వేలు పెట్టి చూపించింది. బడి ఉన్నన్నాళ్లూ ఏదోలా గడిచిపోయింది గానీ, ఇవి ఎండాకాలం సెలవులాయె. పగలంతా ఇద్దరు పిల్లల్ని నోరు మెదపకుండా కూర్చోబెట్టడమంటే మాటలా!

పోనీ నీలకంఠాన్ని తప్పు పడదామా అంటే అదీ కుదరదు. పోర్టులో క్రేను నడిపే మనిషి. "నానక్కడ పైన కునుకు తీత్తే, కింద ఇంకొకడి పేనం పోద్దే" అని ఒకసారి భార్యతో అన్నాడు. ఆ మాట విన్నాక కాంతం ఆ విషయంలో మరి నోరెత్తలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. వీధిలో లారీలు తిరుగుతాయని ఆటలు వద్దన్నాడు. పక్కింటి గురునాథరావు గారు కొత్తగా టీవీ కొన్నారు. సాయంత్రమైతే లైనులో పిల్లలంతా అక్కడే. "ఒకరి గుమ్మంలో కూకుని నోరెళ్లబెట్టడమేటి" అని అదీ వద్దన్నాడు. కథల పుస్తకాల మాటెత్తితే మరీను! "కతలు మరిగితే లెక్కలు బుర్రకెక్కవు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. మరి పదేళ్ల ఆడపిల్ల పగలంతా ఏం చెయ్యాలయ్యా అంటే, దానికి ఆయన దగ్గర జవాబు లేదు.

జవాబు కాంతం వెతుక్కుంది, దొంగచాటుగా. బస్టాపు పక్కన జగ్గారావు అద్దె పుస్తకాల బడ్డీ ఉంది. కూరలకి వెళ్లినప్పుడల్లా సంచి అడుగున ఒక పుస్తకం తెచ్చి కూతురు పైడితల్లి చేతిలో పెట్టేది. మొదట్లో పిల్లల బొమ్మల పుస్తకాలే తెచ్చింది. అవి ఇట్టే అయిపోయేవి, పిల్ల మళ్లీ "అమ్మా, ఇంకోటి" అంటూ కొంగు పట్టుకునేది. పైగా ఎప్పుడూ అవే పట్టుకెళ్తుంటే జగ్గారావు ఏ రోజో నీలకంఠంతో అనేస్తాడని గుబులు. అందుకని ఒకరోజు, "ఈపాలి నాకేనయ్యా, నాను సదూకోడానికే. లావుపాటిది ఇయ్యి, బేగి అయిపోనిది" అంది. లైనులో ఆడవాళ్లంతా ఎగబడి చదువుతున్న నవల తీసి ఇచ్చాడతను. దాని లావు చూసి కాంతం మనసులోనే సింహాద్రి అప్పన్నకి దండం పెట్టుకుంది. లోపల ఏముందో ఒక్క పేజీ తిప్పి చూడలేదు.

పిల్ల మారింది ఆ తర్వాతే. అయినా ఆ రెండూ కలిపి చూడాలని కాంతానికి తోచలేదు. పుట్టినప్పటి నుంచీ మామ్మ జోగమ్మ కడుపు మీద కాలేసుకుని పడుకున్న పిల్ల, ఆవిడ పక్కలోకి రానంది. జడ వేస్తానంటే పారిపోయింది. తిండి తగ్గింది, కళ్ల కింద నలుపు తేలింది. జోగమ్మ ప్రాణం విలవిల్లాడిపోయింది. ఎవరి కన్నో పడిందని రోజూ ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టి పిల్ల తల చుట్టూ దిష్టి తీయడం మొదలెట్టింది. ఆవిడ తిప్పిన కొద్దీ పిల్ల బిగుసుకుపోయేది. పిల్ల బిగుసుకుపోయిన కొద్దీ ఆవిడ ఇంకా తిప్పేది.

ఆ పొద్దున్న జోగమ్మ చిన్నవాడు తాతబాబుని ఒళ్లో కూర్చోబెట్టుకుని పెరుగన్నం పెడుతోంది. ఉన్నట్టుండి పైడితల్లి ఎటునుంచి వచ్చిందో, మామ్మ చేతిమీద ఒక్కటి కొట్టింది.

"తినకురా తమ్ముడా! సచ్చిపోతావు!"

ముద్ద ఎగిరి గోడకి అంటుకుంది. తాతబాబు గుక్కపట్టి ఏడ్చాడు. నిద్రలోంచి నీలకంఠం లేచి వచ్చాడు, ఎర్రటి కళ్లతో.

"ఏటైనాదే? ఏటీ గోల?"

జోగమ్మ కొట్టించుకున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని అలాగే కూర్చుంది. "నాయనా, నా మాటినవు నువ్వు. గుంటకి గాలి సోకినాదిరా. ఇది మన పైడి కాదు. పైడైతే నా సెయ్యి కొట్టీదేనా?"

నీలకంఠం కూతురి గడ్డం పట్టుకుని ముఖం చూడబోయాడు. పిల్ల వణికిపోతూ తల్లి వెనక్కి చేరింది. ఆ వణుకు చూసి అతని కోపం కాస్తా దిగులైంది.

"భీమిలి కాడ దాసుడున్నాడు" అంది జోగమ్మ. "ఏపమండల్తో కొడితే ఎంతటి గాలైనా ఒగ్గీసి పోద్ది. మనూరోళ్లకి ఎంతమందికి నయం కానేదు!"

"కొట్టడమేటత్తా, పసిగుంటని!" అంది కాంతం. భర్త వైపు తిరిగి, "పోర్టాస్పత్రికి తీసుకెల్దామండీ" అని బతిమాలింది.

"జొరమా, జలుబా, డాక్టరు సూడ్డానికి? రేపు నాకు ఆఫే. పొద్దున్నే బస్సెక్కుదాం" అని నీలకంఠం మళ్లీ లోపలికి వెళ్లిపోయాడు.

కాంతం పిల్లని పెరట్లో బట్టలుతికే బండ దగ్గరికి తీసుకెళ్లి ఒళ్లో కూర్చోబెట్టుకుంది. "సెప్పమ్మా. మామ్మ ఏటి సేసినాది నిన్ను?"

పైడితల్లి అడ్డంగా తల ఊపింది. ఎంతసేపు బుజ్జగించినా అంతే. చివరికి తల్లి చెవిలో నోరు పెట్టి, "మామ్మ సేతబడి సేస్తాదమ్మా" అంది.

"ఏటీ?"

"పొత్తకంలో ముసిల్దీ అంతే. పిల్లల జుట్టు దాస్తాది. అన్నంలో మందు కలిపి పెడతాది. ఉప్పు తిప్పుతాది. తిప్పితే పిల్లల పేనం దానికి వచ్చీస్తాది. మామ్మ నా జుట్టు డబ్బాలో దాసినాది, నాను సూసినాను. మొత్తం సదవనేదమ్మా. బయ్యమేసి సగంలో ఒగ్గీసినాను."

కాంతం పిల్ల ముఖం తనవైపు తిప్పుకుంది. దువ్వెనకి వచ్చిన వెంట్రుకల్ని జోగమ్మ ఉండలు చుట్టి డబ్బాలో దాయడం ఇవాళ్టిదా నిన్నటిదా? వెంట్రుకలు కొనేవాడు వీధిలోకి వస్తే అతనికి ఇచ్చి, మనవరాలికని రిబ్బన్లు తీసుకునేది. తనకని ఏనాడూ పిన్నీసు కూడా అడగలేదు. ఆ మనిషినా ఈ పిల్ల మంత్రగత్తె అనుకుంటోంది!

బియ్యం డబ్బాలో దాచిన నవల తీసి, వంటింటి మూల నిలబడి చదివింది. నాలుగు పేజీలకే పట్టపగలు ఆమెకి ఒళ్లు జలదరించింది. పెళ్లై ఇద్దరు పిల్లల్ని కన్నదానికే ఇలా ఉంటే, పదేళ్ల పిల్ల ఒక్కతీ ఈ భయమంతా గుండెలో మోసింది. ఆ పుస్తకం తెచ్చి పిల్ల చేతిలో పెట్టింది ఎవరు? తనే.

చెప్పేస్తే సరిపోదా అని ఎవరైనా అనొచ్చు. కాంతం స్థానంలో నిలబడితే తెలుస్తుంది. వద్దన్న పుస్తకాలు ఇన్నాళ్లూ దొంగచాటుగా తెచ్చానని మొగుడికి చెప్పాలి. అదైనా పడొచ్చు, నాలుగు తిట్లు తింటుంది. కానీ, "అత్తా, నీ మనవరాలు నిన్ను చూసే జడుసుకుంటోంది" అని ఆ ముసలిదానికి ఏ నోటితో చెప్పాలి? సాయంత్రం జోగమ్మ దాసుడి కోసం నిమ్మకాయలు మూట కడుతూ, "నా తల్లి నా మొకం సూడ్డం మానీసినాదే కాంతం. నన్ను తీసుకెల్లిపోయి దాన్నొగ్గీమని అప్పన్నకి మొక్కుకున్నాను" అని కళ్లు ఒత్తుకుంది. కాంతం ఆవిడకి నిమ్మకాయలు అందిస్తూ ఉండిపోయింది. ఏ వైపు అడుగేసినా ఎవరో ఒకరి గుండె మీద వెయ్యాల్సిందే.

మర్నాడు అందరూ ద్వారకా నగర్ బస్టాండుకి వచ్చి భీమిలి బస్సు కోసం నిలబడ్డారు. తాతబాబు తండ్రి భుజం మీద ఉన్నాడు. కాంతం సంచిలో పిల్లల బట్టలూ, వాటి కింద నవలా ఉన్నాయి. ఇంట్లో ఎవరి కంటైనా పడుతుందని భయపడి తెచ్చింది. బస్సు వచ్చింది. "భీమిలి, భీమిలి!" అని కండక్టరు గొంతు చించుకుంటున్నాడు. జోగమ్మ, "రా తల్లీ" అని పైడితల్లి చెయ్యి పట్టుకోబోయింది.

పిల్ల తల్లి నడుం కరుచుకుపోయింది. "అమ్మా, మామ్మతో నన్ను పంపకమ్మా! నన్ను కొడతారమ్మా! ఇకను పొత్తకం సదవనమ్మా!"

నీలకంఠం ఆగిపోయాడు. "పొత్తకమేటి?"

కాంతానికి ఇక దాచే ఓపిక లేకపోయింది. "నాను తెచ్చినాను" అంది. "బస్టాపు కాడి బడ్డీలోంచి. మీరు వద్దన్నా తెచ్చినాను. ఎన్నోపాలు తెచ్చినాను."

"నానొద్దన్నాకనా? నా ఇంటో నాకు తెలీకుండానా?" అతని గొంతుకి పక్కనున్న జనం తిరిగి చూశారు.

"మరేటి సెయ్యమంటారు?" కాంతం గొంతు కూడా లేచింది. పెళ్లయ్యాక అతని ముందు అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. "ఈదిలోకి ఎల్లకూడదు. టీవీ సూడకూడదు. నవ్వకూడదు, తుమ్మకూడదు! మీకు నిద్దర కావాల, నాను కాదన్నానేటి? ఆ గుంట నోరు నొక్కడానికి నా సేతికి దొరికింది తెచ్చి ఇచ్చీసినాను. నాకే అని అబద్ధం ఆడి మరీ తెచ్చినాను. లోపలేటుందో సూడనేదు. అది నా తప్పే, ఎవులు కాదంటారు? మీకు సెప్పి తెచ్చుంటే ఎవులో ఒకలం సూసీవోళ్లం కదా! దానికి గాలీ నేదు, దయ్యమూ నేదు. మంత్రాల కత సదివి జడుసుకుంది. అంతే!"

"కతకి జడుసుకుంటే మా అమ్మ సెయ్యి కొట్టడమేటి?"

కాంతం అత్తగారి వైపు చూడలేకపోయింది. "కతలో ముసిల్దుందండీ. జుట్టు దాస్తాది, ఉప్పు తిప్పుతాది. పిల్లల పేనాలు తీస్తాది."

బస్సు కదిలి వెళ్లిపోయింది. జోగమ్మ మెల్లగా సిమెంటు బల్ల మీద కూర్చుంది. నిమ్మకాయల మూట ఒళ్లో పెట్టుకుని, దాని ముడి విప్పుతూ, మళ్లీ వేస్తూ ఉండిపోయింది.

"నన్నా?" అంది చివరికి. "నన్ను సూసా జడిసింది? నా సేతి ముద్దకా?"

"అత్తా, సిన్నగుంట. దానికేటి తెలుసు?"

"దాన్నేటీ అనకు" అంది జోగమ్మ. కళ్లనీళ్లు ముడతల్లోంచి జారుతున్నా తుడుచుకోలేదు. "పాపం, ఇన్నాళ్లూ నా ఇంటోనే, నాకాడే బయ్యపడతా ఉన్నాదా నా తల్లి! నానేమో రోజూ ఎల్లి దాని నెత్తి సుట్టూ తిప్పీదాన్ని. ఎంత జడిసిపోయిందో!" కాస్త ఊపిరి పీల్చుకుని, "ఆ పొత్తకం ఉన్నాదా?" అంది.

కాంతం సంచిలోంచి తీసింది.

"సదువు. సివర సదువు. ఆ ముసిల్ది ఏటైపోనాదో నాకూ తెలవాల."

నీలకంఠం తల్లి ముఖం చూశాడు. చంకలో తాతబాబుతో బల్ల చివర కూర్చున్నాడు. కాంతం చిట్టచివరి అధ్యాయం చదివింది. ఊరంతా కూడి ముసలిదాన్ని గుడిసెలో పెట్టి తలుపు గడియ వేస్తారు. కప్పుకి నిప్పు పెడతారు. లోపల్నుంచి అది అరుస్తుంది, ఎవరూ కదలరు. పైడితల్లి తల్లి చీరలో ముఖం దాచుకుంది.

"ఎవులూ అడ్డు రానేదా?" అంది జోగమ్మ.

"రానేదత్తా."

"పిల్లా జెల్లా నేరా దానికి?"

"నేరు. ఒంటిదట."

"మరందుకే" అని జోగమ్మ నిట్టూర్చింది. "రాసినోడెవుడో గానీ, ఒక్క మనవరాల్నయినా ఇయ్యనేదు దానికి. మనవరాలుంటే అలగ కాల్చనిచ్చునేటి?"

పైడితల్లి చీరలోంచి ముఖం తీసి మామ్మ వైపు చూసింది. పుస్తకంలో ముసలిది ఒక్కచోట కూడా ఏడవలేదు. మామ్మ ఏడుస్తోంది, ముక్కు కారుతున్నా పట్టించుకోకుండా. పిల్ల ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్లి ఆవిడ మోకాలి దగ్గర నిలబడింది. జోగమ్మ చెయ్యి చాపలేదు. పిల్ల మళ్లీ జడుసుకుంటుందేమోనని చేతులు రెండూ ఒళ్లోనే బిగబట్టుకుంది.

"నానైతే గడియ తీసీదాన్ని మామ్మా" అంది పైడితల్లి.

ఆ మాటతో జోగమ్మ బావురుమంది. పిల్ల తనంతట తానే ఆవిడ ఒళ్లోకి ఎక్కింది. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు పట్టుకుని ఏడుస్తుంటే, కాంతం నవల మూసేసింది. "ఇకమీద ఏది తెచ్చినా ముందు నాను సదువుతాను, మీకూ సూపిత్తాను" అంది భర్తతో. "దాపరికం మటుకు నావల్ల కాదు."

నీలకంఠం తల ఊపాడు. తాతబాబుని కాంతం చేతికిచ్చి, వచ్చి కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు. తను పైనుంచి అరవడమే గానీ పిల్ల ముఖానికి ముఖం పెట్టి మాట్లాడి ఎన్నాళ్లయిందో అతనికే గుర్తు రాలేదు.

"మామ్మంటే బయ్యం పోనాదా?"

పైడితల్లి ఊఁ అంది.

"మరి నానంటే?"

పిల్ల మామ్మ కొంగు అంచుని వేళ్లకి చుట్టుకుంటూ తల్లి వైపు చూసింది, నిజం చెప్పొచ్చా అన్నట్టు. కాంతం కళ్లతోనే చెప్పమంది. అప్పుడు పైడితల్లి ఉందన్నట్టు తల ఊపింది.

నీలకంఠం లేవలేకపోయాడు. అటూ ఇటూ జనం పోతున్నా, బస్సుల మధ్య ఆ నేలమీదే కూలబడి, రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నాడు.

"నానేటి సేసీసినానే కాంతం" అన్నాడు.