తాళం పంపిన మెసేజ్

“పని చిన్నది, టైమ్ ఇంకా చిన్నది,” అన్నాడు చీఫ్. “మెదడు పరిశోధన ల్యాబ్. ఆరోగ్యం గురించి ఏం చదివినా పదిమందికి పంపకుండా ఆగలేనివాళ్లెవరో స్కాన్ చేసి తేలుస్తారు. అలాంటి పదివేల మంది లిస్టు విదేశీ ముఠాకి చిక్కింది. పదకొండింటికి ఆ ల్యాబ్ కంప్యూటర్ నుంచే వాళ్ల ఫోన్లకి మెసేజ్ వెళ్తుంది. బీపీ మాత్రలు విషం, ఆపేయండి అని. దాన్ని ఆపే పాస్‌వర్డ్ అక్కడి టెక్నీషియన్ దగ్గరుంది.”

ఏజెంట్ ముఖం పాలిపోయింది. డిపార్టుమెంటులో అతన్ని తాళం అంటారు. చావగొట్టినా నోరు విప్పడని పేరు. అలాంటివాడు నెల కిందట లిఫ్టులో నిలబడి, పూర్తిగా చదవకుండానే అన్నకి ఒక మెసేజ్ పంపాడు: నిమ్మరసం తాగితే బీపీ మాత్రలు అక్కర్లేదట. “మా తమ్ముడు ఊరికే ఏదీ చెప్పడు,” అంటూ అన్న మాత్రలు మానేశాడు. ఇప్పుడు ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. కుడిచెయ్యి లేవదు. ఆ మెసేజ్ సంగతి తాళం ఎవరి దగ్గరా ఎత్తలేదు.

పదిన్నరకి వాలంటీరు వేషంలో స్కానర్ గదిలో అడుగుపెట్టాడు.

“ఆ పెట్టుడు మీసం తీసెయ్యండి, అందులో తీగ ఉంది. మెషీన్ అయస్కాంతం లాగేస్తుంది,” అని నవ్వింది టెక్నీషియన్. కోడ్ పేరు మైనా. అందగత్తె, ల్యాబ్ నుంచీ ముఠా నుంచీ రెండు వైపులా జీతం. అయినా గది చల్లగా ఉందని అతని భుజాల మీద దుప్పటి కప్పింది.

పది యాభై ఏడు.

“ఆపే పాస్‌వర్డ్ చెప్పు.”

“చెప్తే ముఠా నన్ను బతకనిస్తుందా? తుపాకీతో బెదిరించరేం?”

“గేటు దగ్గర లాకర్లో పెట్టించారు. ఇనుము రానివ్వరట.”

మైనా ఫక్కున నవ్వింది. అతనికి నవ్వు రాలేదు. చేతిలో మిగిలింది ఒక్కటే. తలొంచుకుని అన్న సంగతి మొత్తం చెప్పేశాడు, లిఫ్టుతో సహా.

మైనా నవ్వు ఆగిపోయింది. “మా అమ్మా అంతే. నేనేం పంపినా నమ్మేస్తుంది,” అంది మెల్లగా. “కింద కారుందా?”

“ఉంది. నిన్ను దాటించే పూచీ నాది.”

ఆమె వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తాయి. గడియారంలో ఒక్క సెకను మిగిలుండగా స్క్రీన్ నల్లబడింది.

మధ్యాహ్నం తాళం అన్న మంచం పక్కన కూర్చున్నాడు. “అన్నయ్యా, ఆ మెసేజ్ నేను చదవకుండానే పంపాను.”

అన్న ఎడమచేత్తో తమ్ముడి మోకాలు తట్టాడు. మాట కూడదీసుకున్నాడు. “పోనీలేరా... నేనూ... చదవకుండానే... ఇరవై మందికి పంపా.”

తాళం అన్న ఫోన్ అందుకున్నాడు. ఇరవై నంబర్లు. మొదటిదానికి డయల్ చేసి, జీవితంలో మూడోసారి నోరు విప్పాడు.